ఎర్ర సిరా కోసం వదిలిన ఖాళీ

నేను ఒక పుస్తకాన్ని అని చెప్పుకోవడం నాకు ఇష్టమే గానీ, నిజం చెప్పాలంటే మొదట్లో నేను పదకొండు దూడల్ని, ఇప్పుడు రెండు ఆకుల్ని. మధ్యలో ఓ నలభై ఏళ్ళు మాత్రం పుస్తకంగా బతికాను. ఆరువందల ఏళ్ళ కిందటి మాట. ఇంగ్లండు తూర్పు దిక్కున థార్న్‌మిన్‌స్టర్ అనే ఊరు, ఆ ఊరి మధ్యలో ఊరికన్నా పెద్ద గుడి. అచ్చు యంత్రం ఆ దేశానికి ఇంకా రాలేదు. పుస్తకం కావాలంటే దూడ చావాలి, మనిషి కూర్చుని రాయాలి. దూడలకి కొదవ లేదు. కూర్చునే మనుషులకీ కొదవ లేదు. చదివేవాళ్ళే అక్కడొకరు, ఇక్కడొకరు ఉండేవారు.

దూడగా ఉన్న రోజుల గురించి నాకు పెద్దగా గుర్తులేదు. కాస్త గడ్డి, తల్లి వాసన, ఆ తర్వాత ఒక బుధవారం. బుధవారం తర్వాత సున్నపు నీళ్ళ తొట్టి. పది రోజులు నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, చట్రానికి బిగదీసి కట్టి, వంకర కత్తితో అటూ ఇటూ చెక్కి పల్చగా చేశారు. దీన్ని మనుషులు పవిత్ర గ్రంథానికి తొలిమెట్టు అంటారు. దూడలనడిగితే ఇంకో పేరు చెప్పేవి, కానీ వాటిని ఎవరూ అడగలేదు.

నన్ను చేయించినవాడు ఓడో అనే చేతితొడుగుల వ్యాపారి. జీవితమంతా గొర్రెతోలుని జింకతోలని చెప్పి అమ్మిన పెద్దమనిషి. ఊపిరి అందని రోజుల్లో ఆయనకి హఠాత్తుగా దేవుడు గుర్తొచ్చాడు. చచ్చాక స్వర్గానికి పోయేముందు పాపాలన్నీ కాలిపోయేదాకా ఆత్మలు మగ్గే చోటొకటి ఉందని వాళ్ళ నమ్మకం. బతికున్నవాళ్ళు ప్రార్థన చేస్తే అక్కడ ఉండే కాలం తగ్గుతుందట. తన కోసం మనస్ఫూర్తిగా ప్రార్థించేవాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉంటారో ఓడో ఆలోచించి చూసుకున్నాడు. ఆలోచించాక ఒక పుస్తకం రాయించమని వీలునామాలో రాశాడు.

ఆ రోజుల్లో అక్కడ ఒక మంచి ఆచారం ఉండేది. ఉమ్మడి మేలు పుస్తకం అనేవారు. అది ఎవరి సొత్తూ కాదు. ఒకరి దగ్గర వాళ్ళు బతికున్నంత కాలం ఉంటుంది, పోయేలోగా వాళ్ళు ఇంకొకరి చేతిలో పెట్టాలి. వాళ్ళు మరొకరికి. పుస్తకం చిరిగిపోయేదాకా ఇలా నడవాలి. దానికి ప్రతిఫలంగా ప్రతివాళ్ళూ రాయించినవాడి ఆత్మ కోసం ప్రార్థించాలి. నా చివరి ఆకు మీద ఈ షరతు నల్ల సిరాతో, ఓడో పేరు కాస్త పెద్ద అక్షరాలతో ఇప్పటికీ ఉంది. మనిషి పోతూ పోతూ కూడా అక్షరాల సైజు గురించి ఆలోచించాడంటే ఆయన వ్యాపార దక్షతని మెచ్చుకోవాలి.

నాలో ఉన్నవి పూర్వపు సాధువుల మాటలు, చిన్న చిన్న ప్రార్థనలు. అన్నీ ఇంగ్లీషులో. ఇందులో వింతేముంది అనకండి. అప్పట్లో పెద్దల లెక్క ఏమిటంటే, దేవుడికి లాటిన్, దొరలకి ఫ్రెంచి, పశువులకీ పెళ్ళాలకీ ఇంగ్లీషు. ఆ మూడో భాషలో దేవుడి గురించి మాట్లాడితే దేవుడికి ఏమవుతుందో తెలియదు గానీ, పండితులకి మాత్రం చెమటలు పట్టేవి. నేను పుట్టిన కొన్నాళ్ళకే ఇంగ్లీషులో మతగ్రంథం ఉంచుకోవాలంటే బిషప్ అనుమతి కావాలని కట్టడి కూడా చేశారు.

నన్ను రాసినవాడు వైమండ్ అనే లేఖకుడు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా అక్షరం వంకర పోనివ్వని మనిషి. వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉండేది. మాటలు నల్ల సిరాతో ఒకడు రాస్తాడు. ఆ మాటలు చెప్పిన సాధువుల పేర్లు ఎర్ర సిరాతో రాయాలి, అందంగా రాయాలి, దానికి ఇంకో మనిషి ఉంటాడు. నల్ల సిరావాడు ఎర్ర సిరా జోలికి వెళ్ళడు. పేరు రావలసిన చోట ఖాళీ వదిలి, మరిచిపోకుండా ఆ పేరుని ఆకు అంచున చీమంత అక్షరాలతో గుర్తుగా రాసి పెడతాడు. ఎర్ర సిరావాడు వచ్చి అంచున చూసి, ఖాళీలో నింపాలి.

మా ఎర్ర సిరావాడు అప్పుడే తీర్థయాత్రకి బయల్దేరుతున్నాడు. వారంలో వచ్చేస్తానని చెప్పాడు. ఇంకా రాలేదు.

అందుకని నేను కుట్టు కూడా లేని కట్టలుగా, నిండా ఖాళీలతో, దారం చుట్టి ఉన్నపళంగా మొదటి చేతుల్లోకి వెళ్ళాను. థర్‌స్టన్, ఏమిస్ అనే దంపతులు. గుడికి మైనం కొవ్వొత్తులు చేసి ఇచ్చేవాళ్ళు. థర్‌స్టన్‌కి చదువొచ్చు, ఏమిస్‌కి రాదు. ఆదివారం గుడి నుంచి వచ్చాక ఆయన నన్ను ఒళ్ళో పెట్టుకుని, వేలు పెట్టి గట్టిగా చదివేవాడు. ఖాళీ రాగానే వేలు అంచుకి జరిగేది, చీమంత అక్షరాలు చూసి సాధువు పేరు చెప్పి, మళ్ళీ వేలు లోపలికి వచ్చేది. ఏమిస్ ఆ వేలుని చూస్తూ వినేది. చూస్తూ చూస్తూ పదేళ్ళలో నన్ను మొత్తం కంఠతా పట్టేసింది. ఎక్కడ ఏ సాధువు, ఏ మాటకి ఏ పక్క, ఏ మాటతో ఆకు తిప్పాలి, అన్నీ. అక్షరం ముక్క రాకుండా.

వాటిలో ఆమెకి అన్నిటికన్నా నచ్చింది మొదటి ఆకు మీదున్న మాట. సెయింట్ ఎల్వారియస్ అనే ప్రాచీన గురువు చెప్పింది: "ఆకలితో వచ్చినవాడికి గుడి తలుపు మూస్తే, దేవుడు వాడితో పాటు బయటే నిలబడతాడు." థర్‌స్టన్ ఆ మాట చదివినప్పుడల్లా ఒక క్షణం ఆగేవాడు. ఆమె తల ఊపేది. ఆ తర్వాత ఇద్దరూ లేచి మైనం కరిగించుకునేవారు.

థర్‌స్టన్ ఒక శీతాకాలంలో జ్వరం వచ్చి పోయాడు. ఏమిస్ చాలా రోజులు నన్ను ముట్టుకోలేదు. తర్వాత ఒకరోజు నన్ను గుడ్డలో చుట్టి, పుస్తకాలు కుట్టే సెల్విన్ దగ్గరికి తీసుకెళ్ళింది. "మా ఆయన వేళ్ళ మరకలున్నాయి దీని మీద. పోకుండా, చెదలు పట్టకుండా మంచి అట్ట వెయ్యి సెల్విన్ తమ్ముడూ. నలుగురూ చూస్తే ముచ్చటపడాలి," అంది.

సెల్విన్ ముచ్చటైన పని చేశాడు. కుట్టాడు, చెక్క అట్టలు వేశాడు, తోలు తొడిగాడు. ఆకులు ఎత్తూ పల్లం లేకుండా సమంగా రావాలని పెద్ద కత్తి తీసుకుని మూడు వైపులా అంచులు కోసేశాడు. అందరు పుస్తకాలవాళ్ళూ చేసే పనే అది. ఎర్ర సిరా పని అయిపోయాకే పుస్తకం కుట్టుకి వస్తుంది కాబట్టి అంచున చీమంత అక్షరాలుంటే అవి ఎవరికీ అక్కర్లేనివని వాళ్ళ లెక్క. లోపల ఖాళీలు ఉన్నాయో నిండాయో చూడడం కుట్టేవాడి పని కాదు. సాధువులందరూ సన్నటి పీలికలై వాడి కాళ్ళ దగ్గర పడ్డారు. వాడు వాటిని ఊడ్చి జిగురు కాయడానికి గిన్నెలో వేసుకున్నాడు.

ఏమిస్ నన్ను చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఎంత బాగుందో అంది. నేనేం చెప్పను? చెప్పడానికి నాకు నోరెక్కడుంది? అంతవరకూ నేను సాధువుల మాటల పుస్తకాన్ని. ఆ రోజు నుంచి ఎవరన్నారో తెలియని మాటల పుస్తకాన్ని. మొగుడి మీద ప్రేమతో ఆమె చేసిన పని అది, అందుకే నాకు ఈనాటికీ సెల్విన్ మీద వచ్చినంత కోపం ఆమె మీద రాదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నా జీవితంలో మంచి రోజులు. ఆదివారం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురైదుగురు ఏమిస్ కార్ఖానాలో చేరేవారు. రొట్టెలు కాల్చే మాబెల్ అందరికన్నా ముందొచ్చి, పొయ్యి పక్క చోటు పట్టుకునేది. ఏమిస్ నన్ను ఒళ్ళో తెరిచి, వేలు పెట్టి, సాధువుల పేర్లతో సహా చెప్పుకుంటూ పోయేది. సరైన మాట దగ్గర సరిగ్గా ఆకు తిప్పేది. వేలు ఖాళీ దగ్గరికి రాగానే అలవాటుగా అంచుకి జరిగేది. అక్కడ అంచే లేదని ఆమెకి తెలియదు. తన తర్వాత నన్ను మాబెల్ చేతిలో పెట్టాలని ఆమె ఎప్పుడో నిశ్చయించుకుంది, ఆ మాట మాబెల్‌కి చెప్పింది కూడా. "నాకూ చదువు రాదు కదా అక్కా," అని మాబెల్ నవ్వితే, "నాకు మాత్రం వచ్చి ఏడ్చిందా," అంది.

ఇలా సాగుతుండగా ఊరికి కొత్త బిషప్ వచ్చాడు. కొత్తగా వచ్చినవాళ్ళందరిలాగే ఏదో ఒకటి శుభ్రం చెయ్యాలని ఆయనకి తహతహ. మురిక్కాలవలు ఉన్నాయి, గుడి వెనక చెత్త ఉంది, కానీ ఆయన కన్ను ఇంగ్లీషు పుస్తకాల మీద పడింది. ఇల్లిల్లూ వెతికారు. మైనం పీపాలో గుడ్డ చుట్టి దాచిన నేను బయటపడ్డాను. పుస్తకం సంగతి తేల్చడానికి ఆక్స్‌ఫర్డ్‌లో పాతికేళ్ళు చదివొచ్చిన మాస్టర్ ఫల్క్‌ని పిలిపించారు.

ఈ మాస్టర్ ఫల్క్ గురించి కాస్త చెప్పాలి. దేవుడి శాస్త్రంలో డాక్టరు. సూది మొన మీదే కాదు, సూది బెజ్జంలో కూడా దేవదూతల్ని పట్టించగల మేధావి. ఆయన జీవితమంతా ఒకే ఒక గురువు మీద వ్యాఖ్యానం రాస్తున్నాడు. ఆ గురువెవరో ఊహించారా? సెయింట్ ఎల్వారియస్. ఆయన మాటల్లో ఒక్కొక్క దానికీ అరవై పుటల వివరణ, దాని మీద ఆక్షేపణలు, ఆక్షేపణల మీద సమాధానాలు, అన్నీ లాటిన్‌లో. ఆ వ్యాఖ్యానం తొలిపుటలో తొలివాక్యం ఏమిటో కూడా చెప్పేస్తాను. ఆకలి, గుడి తలుపు, బయట నిలబడ్డ దేవుడు. నలభై ఏళ్ళుగా ఆ వాక్యం మీదే అన్నం తింటున్నాడాయన.

మరి నన్ను చూడగానే గుర్తుపట్టేసి ఉంటాడు అనుకుంటున్నారు కదూ. పప్పులో కాలేశారు. పండితులు పుస్తకాలు చదివి తీర్పులు చెప్పరు. నోటరీ ఎల్యాస్ అనే ఆయన నన్ను ముందేసుకుని, అనుమానంగా కనిపించిన వాక్యాలు ఏరి, తనకొచ్చిన లాటిన్‌లోకి మార్చి, వరస నంబర్లేసి ఒక జాబితా తయారు చేశాడు. మాస్టర్ ఫల్క్ ముందుకి వెళ్ళింది ఆ జాబితా. ఒకటో నంబరు: గుడిలో దేవుడు లేడు, బయట ఉన్నాడు అని ఈ పుస్తకం అంటోంది. ఎల్యాస్ లాటిన్‌లో ఆకలి ఎక్కడో జారిపోయింది. తలుపు కూడా జారిపోయింది. మాస్టర్ ఫల్క్ పక్కన "పచ్చి మతద్రోహం" అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు.

విచారణ గుడి పక్క హాల్లో జరిగింది. నన్ను బల్ల మీద పెట్టారు. ఏమిస్ ఎదురుగా నిలబడింది, చేతుల మీద మైనం మరకలతో. అప్పటికి ఆమెకి అరవై దాటాయి. నేరం ఒప్పుకుని ఆ మాటలు తప్పని ఒట్టేస్తే శిక్షతో సరిపోతుంది, ఒప్పుకోకపోతే కట్టెల మంట. ఈ సంగతి ఆమెకి ఎంతో మర్యాదగా వివరించారు.

"చదువు ఎవరు నేర్పారు నీకు?" అని అడిగాడు మాస్టర్ ఫల్క్.

"నాకు చదువు రాదు అయ్యగారూ."

"పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆకులు తిప్పుతూ ఉంటావని సాక్షులు చెప్తున్నారే?"

"ఊరికే ఒళ్ళో పడుకోబెడితే బాగుండదని తిప్పుతుంటాను అయ్యగారూ. మాటలన్నీ నోటికొచ్చు."

హాల్లో ఎవరో నవ్వారు. మాస్టర్ ఫల్క్ నవ్వలేదు. ఒకటో నంబరు చదివి వినిపించి, ఇది ఎవరు నేర్పిన మాట అని అడిగాడు.

"అది అలా కాదు అయ్యగారూ. ఆకలితో వచ్చినవాడికి తలుపు మూస్తే అని ఉంది ముందు. అది సెయింట్ ఎల్వారియస్ గారి మాట."

ఆ పేరు వినగానే మాస్టర్ ఫల్క్ ముఖం ఎర్రబడింది. తాను ముసలివాడయ్యేదాకా మోసిన గురువు పేరు ఒక కొవ్వొత్తులామె నోట్లోంచి, అదీ ఇంగ్లీషులో వస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది కదా. "ఎల్వారియస్ ఏం చెప్పాడో నువ్వు నాకు చెప్తావా? సరే, ఆయన పేరు ఈ పుస్తకంలో ఎక్కడుందో చూపించు," అన్నాడు.

ఏమిస్ ముఖం వికసించింది. చూపించడం ఆమెకి తేలికైన పని. బల్ల దగ్గరికి వచ్చి, నా మొదటి ఆకు తెరిచి, ఖాళీ మీద వేలు పెట్టి, ఆ వేలుని అంచుకి జరిపింది. "ఇదిగో, ఇక్కడ. మా ఆయన వేలు ఇక్కడికే వచ్చేది."

ఎల్యాస్ వంగి చూశాడు. "అక్కడేమీ లేదమ్మా," అన్నాడు.

"సరిగ్గా చూడండి బాబూ. చిన్నగా ఉంటుంది."

"అక్కడ ఆకే లేదమ్మా. కత్తిరించేశారు."

ఆమె వేలు నా కోసిన అంచు మీద అలాగే ఉండిపోయింది. ఇంకో ఆకు తిప్పింది. అక్కడా వేలు జరిపింది. ఇంకో ఆకు. నాలుగో ఆకుకి వచ్చేసరికి ఆమెకి అర్థమైంది. సెల్విన్ కత్తి గుర్తొచ్చి ఉంటుంది, ముచ్చటపడాలి అని తానన్న మాట గుర్తొచ్చి ఉంటుంది. నా జన్మలో మాట్లాడాలని అంతగా తపించిన క్షణం ఇంకొకటి లేదు. పదకొండు దూడల గొంతులు కలిపి అరిచినా సరే, ఆ ఒక్క పేరు చెప్పాలనిపించింది.

అయినా దారి ఉంది. గుడి గ్రంథాలయం ఆ హాలుకి ముప్ఫై అడుగుల దూరం. ఎల్వారియస్ పూర్తి లాటిన్ గ్రంథం అక్కడ, ఎవరూ ఎత్తుకుపోకుండా గొలుసు వేసి ఉంది. మాస్టర్ ఫల్క్ వెళ్ళక్కర్లేదు, ఆయన తన వ్యాఖ్యానం తొలిపుట తలుచుకున్నా చాలు. కానీ సరిగ్గా అప్పుడే భోజనాల గంట కొట్టింది. పైగా జాబితా మీద రెండు గీతలు గీసేశాడు కదా. గీతలు చెరపడం డాక్టర్లకి అలవాటు లేని పని.

"సాధువు మీద అబద్ధం మోపిన నేరం కూడా కలపండి," అని చెప్పి లేచాడు.

ఏమిస్ రెండు రోజులు ఒప్పుకోలేదట. మూడో రోజు ఒట్టేయడానికి ఒప్పుకుంది. ఆమెకి మంటంటే భయం, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, జీవితమంతా మంట పక్కనే పని చేసినామె. కానీ ఒట్టు కాగితం రాసేటప్పుడు ఒక్క మాట అడిగింది. "ఏ మాట తప్పంటున్నారో ఆ మాట పూర్తిగా రాయండి బాబూ. సగం మాట మీద ఒట్టేస్తే ఒట్టు చెల్లదు కదా." ఎల్యాస్ ఆలోచించాడు. నిందితురాలి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలని కోర్టు నియమం ఉంది. ఆకలి, తలుపు, సెయింట్ ఎల్వారియస్, అన్నీ రాశాడు. మాస్టర్ ఫల్క్ చదవకుండా సంతకం పెట్టాడు.

శిక్ష ఏమిటంటే, వరసగా మూడు శనివారాలు, సంత రోజున, చెప్పులు లేకుండా, ముతక గుడ్డ కట్టుకుని, చేతిలో కొవ్వొత్తితో, మెడలో నేను తాడుకి వేలాడుతుండగా, సంత మధ్య సిలువ దగ్గర నిలబడి, తన తప్పేమిటో అందరికీ అర్థమయ్యే భాషలో గట్టిగా చెప్పి, దాన్ని విడిచిపెడుతున్నానని ప్రకటించాలి. జనం అంతా రావాలని గుడి గంటలు కూడా మోగించారు. ఏమిస్ తన కార్ఖానాలో నలుగురైదుగురికి చెప్తే ద్రోహమైన మాటని, ఇప్పుడు బిషప్ గారి ఆజ్ఞతో, బిషప్ గారి గంటలతో, నాలుగువందల మందికి ఇంగ్లీషులో చెప్పించబోతున్నారు. వాళ్ళలో ఒక్కడికీ ఇది తట్టలేదు. అంత చదువు చదివినవాళ్ళకి తట్టదు కూడా.

కొవ్వొత్తి ఆమే చేసుకుంది. ఊళ్ళో బాగా చేసేది ఆమే మరి.

మొదటి శనివారం చలికి రాళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. ఆమె పాదాలు నీలంగా మారాయి. ఆమె గుండె నా అట్టకి తగులుతూ పరిగెడుతోంది. సిలువ దగ్గరికి వెళ్ళేదారిలో నా మీద చెయ్యి వేసి, "నిన్ను మాబెల్ చేతిలో పెట్టలేకపోయానే," అంది నాకు మాత్రమే వినపడేట్టు. ఒట్టు కాగితంలోని మాటలు నోటికే చెప్పింది, కానీ చాలా నెమ్మదిగా. విడిచిపెడుతున్నాను అన్న చోట ఏడ్చేసింది.

రెండో శనివారం జనం ఇంకా ఎక్కువయ్యారు. ఆమె మళ్ళీ నెమ్మదిగానే చెప్పింది. అప్పుడు రొట్టెల అంగడి వైపు నుంచి మాబెల్ గొంతు లేచింది. "ఏమిస్ అక్కా, వెనకాల వినపడలేదు!"

ఎల్యాస్ తల గోక్కున్నాడు. జనానికి వినపడకపోతే శిక్ష చెల్లదని నియమం. "మళ్ళీ చెప్పమ్మా," అన్నాడు.

ఆమె మళ్ళీ చెప్పింది. చేపల వైపు నుంచి ఇంకెవరో, "ఇటు వినపడలేదు," అన్నారు. నియమం నియమమే. ఆ రోజు ఏమిస్ సెయింట్ ఎల్వారియస్ మాటని ఆరుసార్లు చెప్పింది. నాలుగోసారికి గొంతు నిలబడింది. ఆరోసారి చెప్తున్నప్పుడు, ఆకలితో వచ్చినవాడికి అనగానే మిగతాది జనం పెదాల మీదే కదలడం నేను చూశాను.

మూడో శనివారం ఆమె చివరిసారి చెప్పి, కాగితంలో ఉన్నట్టే, "ఈ మాటని ఈ రోజుతో విడిచిపెడుతున్నాను," అంది.

"నువ్వు విడిచిపెట్టు అక్కా, మేం పట్టుకుంటాం," అంది మాబెల్.

గట్టిగా కూడా అనలేదు. రొట్టెల బుట్ట సర్దుకుంటూ, పక్కింటామెతో కూరల సంగతి చెప్తున్నట్టు అంది. ఎల్యాస్ విననట్టు కలం చెక్కుకున్నాడు. అంతవరకూ పరిగెడుతున్న ఏమిస్ గుండె నెమ్మదించింది. నేను ఒకరి చేతిలోంచి ఒకరికి వెళ్ళాలని కదా ఓడో షరతు. ఒక్కసారిగా నాలుగువందల చేతుల్లోకి వెళ్ళాను. ఆ క్షణంలో నా అంత సంతోషంగా ఉన్న పుస్తకం ఇంగ్లండులో ఇంకొకటి ఉండి ఉండదు.

ఆ తర్వాత నన్ను ఆమె మెడలోంచి తీసి మంటలో వేశారు. ఆమెను చూడడం అదే ఆఖరు.

దూడ తోలు కాలడం పుల్లలు కాలినట్టు కాదు. ముడుచుకున్నాను, కంపు కొట్టాను, ముక్కులు మూసుకున్న పెద్దలు వెనక్కి జరిగారు. ఇంతలో వాన పడింది. మిగతాది తర్వాత చూద్దాం అని అందరూ చేతులు దులుపుకున్నారు. మళ్ళీ ఎవరూ చూడలేదు, ఒక్క సెల్విన్ తప్ప. మంచి తోలు వృథా అవుతుంటే వాడి ప్రాణం ఒప్పుకోదు. కాలనివి ఏరుకుపోయాడు. వాటిలో మొదటి ఆకూ చివరి ఆకూ బాగున్నాయి. మిగతా నన్ను పీలికలు చేసి పుస్తకాల వీపులకి అతికించాడు.

మరుసటి ఏడు మాస్టర్ ఫల్క్ తన వ్యాఖ్యానం పూర్తి చేసి, కుట్టడానికి సెల్విన్‌కే ఇచ్చాడు. చెక్క అట్టలకి లోపలివైపు అతికించడానికి పాత తోలు కావాలి. సెల్విన్ నా మొదటి ఆకుని ముందు అట్టకి, చివరి ఆకుని వెనక అట్టకి జిగురుతో అతికించాడు. అలా నేను మాస్టర్ ఫల్క్ గారి మహాగ్రంథాన్ని రెండు వైపుల నుంచీ కౌగిలించుకున్నాను. అట్ట తెరిస్తే ఎడమ పక్క ఇంగ్లీషులో నేను. కుడి పక్క తొలిపుటలో, బంగారు పూతతో, లాటిన్‌లో అదే మాట.

పుస్తకం ఇంటికి రాగానే మాస్టర్ ఫల్క్ అట్ట తెరిచాడు. నేను ఊపిరి బిగబట్టాను, అంటే పుస్తకాలు బిగబట్టగలిగినంత. ఇప్పుడైనా చూస్తాడనుకున్నాను. ఏమిస్ ఇంకా బతికే ఉంది. వెళ్ళి ఒక్క మాట చెప్పొచ్చు. ఆయన కుడి పక్క చూసి మురిసిపోయాడు, వేలితో బంగారం నిమిరాడు. ఎడమ పక్క ఉన్నది సెల్విన్ అతికించిన ఏదో పాత ఇంగ్లీషు తోలు. తన పేరు ఎక్కడ రాసుకుందామా అని వెతికాడు. పుస్తకం ఎవరిదో లోపలి అట్ట మీద రాసుకోవడం వాళ్ళ అలవాటు. నల్ల అక్షరాల మధ్య ఎంచక్కా ఒక ఖాళీ కనిపించింది. శీర్షికల కోసం కలిపిన ఎర్ర సిరా బల్ల మీదే ఉంది. కలం ముంచి, ఆ ఖాళీలో, అందంగా "మాస్టర్ ఫల్క్" అని రాసుకున్నాడు.

ఎర్ర సిరావాడు తీర్థయాత్ర నుంచి రానే లేదు గానీ, నా ఖాళీ మాత్రం నిండింది.

మాస్టర్ ఫల్క్ పోయాక గుడి గ్రంథాలయానికి చేరిన ఆ మహాగ్రంథాన్ని ఐదువందల ఏళ్ళలో తొమ్మిదిమంది తెరిచారు. ఎవరూ నాలుగో పుట దాటలేదు. ఏమిస్ విచారణ రాసిన రిజిస్టరుని ఎలుకలు తిన్నాయి. ఎలుకలకి ఎవరి మీదా పక్షపాతం లేదు. ఆ మాట ఊళ్ళో మాత్రం చాలాకాలం బతికిందని తెలుసు. గ్రంథాలయం ఊడ్చే ఆడవాళ్ళ నోట రెండు మూడు తరాలు విన్నాను. ఆ తర్వాత వాళ్ళూ మరిచిపోయారు.

ఇటీవల నన్ను అద్దాల గదిలోకి మార్చారు. చలి తెలీదు, తడి తెలీదు. ఒకరోజు డాక్టర్ ప్లమ్ అనే పండితురాలు వచ్చి, అట్ట తెరిచి, నన్ను చూసి కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. ఎడమ పక్క చదివింది, కుడి పక్క చదివింది, మళ్ళీ ఎడమ పక్క. ఇన్ని వందల ఏళ్ళలో రెండు పక్కలూ చదివిన మొదటి మనిషి ఆమె. నా ఆశలన్నీ లేచి కూర్చున్నాయి.

"ఇది అద్భుతం," అంది గ్రంథాలయాధికారితో. "ఇంగ్లీషులో రాస్తే ప్రాణం పోయే రోజుల్లో ఈ మాస్టర్ ఫల్క్ ఎల్వారియస్ మాటని ఇంగ్లీషులోకి తెచ్చి, ఎర్ర సిరాతో సంతకం కూడా పెట్టాడు చూడండి. ఎంత ధైర్యం!"

"అంత గొప్పవాడా!" అన్నాడు ఆయన.

ఇప్పుడు ఏటేటా మాస్టర్ ఫల్క్ పేరు మీద ఒక స్మారకోపన్యాసం జరుగుతోంది. ఆయన్ని పేదల పండితుడు అంటున్నారు. ఉపన్యాసం రోజున నన్ను అద్దం పెట్టెలో పెట్టి హాలుకి తీసుకెళ్తారు. కిందటేడు, వాన పడుతోందని ఒక ఇల్లూ వాకిలీ లేని మనిషి ఆ హాల్లోకి రాబోతే, ఆహ్వానపత్రం లేదని కాపలావాడు తలుపు వేశాడు. లోపల వక్త నా మీదున్న మాటనే భావోద్వేగంతో చదువుతున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

నా వెనక ఆకు మీద ఓడో షరతు ఇంకా ఉందని చెప్పాను కదా. ఈ పుస్తకం ఎవరి చేతికి వస్తే వాళ్ళు ఒక ఆత్మ కోసం ప్రార్థించి, ఇంకొకరి చేతిలో పెట్టాలి. మీరు నన్ను ముట్టుకోకపోయినా ఇంతవరకూ వచ్చారు కాబట్టి ఆ షరతు మీకూ తగిలినట్టే. ఓడో గురించి దిగులు పడకండి, ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. మాస్టర్ ఫల్క్‌కి ఉపన్యాసాలున్నాయి. మీ ప్రార్థన ఏమిస్‌కి ఇవ్వండి. ప్రార్థన అలవాటు లేకపోతే ఆమె పేరు ఒక్కసారి పైకి అనండి, వెనకాలవాళ్ళకి వినపడేట్టు. ఆ తర్వాత ఇంకొకరికి చెప్పండి.